బృహస్పతి చుట్టూ ఎలక్ట్రాన్లు ఎక్కడివి?



అల్ సద్‌లో మా శుక్రవారం తరగతిలో గ్రహాల పాఠం చెబుతుంటే ఒక పాప అడిగింది: "టీచర్, బృహస్పతి చుట్టూ ప్రమాదకరమైన ఎలక్ట్రాన్లు ఉన్నాయన్నారు కదా, అవి ఎక్కడినుంచి వచ్చాయి?" "సూర్యుడి నుంచి" అని వెంటనే చెప్పేశాం. ఇంటికెళ్ళి చదివితే అది చాలావరకు తప్పని తేలింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ పాఠం.

బృహస్పతి మనకు కొత్తవాడు కాడు. గురువారం ఆయన పేరు మీదే వచ్చింది. ఆయన రాశి మారితేనే మన నదులకు పుష్కరాలు. సూర్యుణ్ణి చుట్టిరావడానికి ఆయనకు దాదాపు 12 ఏళ్ళు పడుతుంది. అందుకే పుష్కరం 12 ఏళ్ళకోసారి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. అంతకు ముందు నెలలోనే నాసావారి జూనో నౌక బృహస్పతిని చేరింది.

భూమిలాగే బృహస్పతి కూడా ఒక అయస్కాంతం, కానీ ఎన్నో వేల రెట్లు బలమైనది. అందులో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల కథ ఇదీ:

1. బృహస్పతి చందమామల్లో ఒకటైన అయో మీద అగ్నిపర్వతాలున్నాయి. 1979లో వాయేజర్-1 వాటిని చూపించింది. అయో నుంచి సెకనుకు సుమారు ఒక టన్ను గంధకపు వాయువులు బయటికి పోతాయి. అవి విడిపోయి అయాన్లు, ఎలక్ట్రాన్లు అవుతాయి. అప్పటికి వాటి శక్తి తక్కువే.

2. బృహస్పతి 10 గంటలలోపే ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆ ఊపుకి ఈ పదార్థం బయటికి జరుగుతుంది. దాని బదులు వేడి ఎలక్ట్రాన్లు లోపలికి వస్తాయి.

3. అవి ఒకరకం విద్యుదయస్కాంత తరంగాలను పుట్టిస్తాయి. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే పైపైకి వెళుతుంది కదా! అలాగే ఆ తరంగాలు కొన్ని ఎలక్ట్రాన్లను తోసి వాటి శక్తి పెంచుతాయి. గెలీలియో నౌక కొలతలతో 2008లో శాస్త్రవేత్తలు ఈ సంగతి చెప్పారు.

4. ఆ ఎలక్ట్రాన్లు గ్రహానికి దగ్గరయ్యేకొద్దీ అయస్కాంత క్షేత్రం బలపడి వాటి శక్తి ఇంకా పెరుగుతుంది. చివరికి దాదాపు కాంతి వేగంతో తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లుతాయి.

ఈ ఎలక్ట్రాన్లు యంత్రాలను పాడుచేస్తాయి. అందుకే జూనో ఎలక్ట్రానిక్ పరికరాలను టైటానియం పెట్టెలో పెట్టారు. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ కూడా యూరోపా దగ్గరే ఉండిపోదు. దగ్గరికి వెళ్ళి చూసి, వెంటనే దూరం జరుగుతుంది.

పాపా, నీ ప్రశ్నకు జవాబు: ముఖ్యంగా అయో నుంచి. వాటికి బలం ఇచ్చింది బృహస్పతి. అడిగినందుకు సంతోషం.

ఇంటిపని
1. అయో నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లకు శక్తి ఎలా పెరిగింది? మీ మాటల్లో అమ్మానాన్నలకు చెప్పండి.
2. బృహస్పతి కనిపించే రోజుల్లో మేడ మీదికి వెళ్ళి చూడండి. ఆయన మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలుగుతాడు.
3. మీరు పుట్టాక ఏయే నదులకు పుష్కరాలు వచ్చాయో తాతయ్యను, అమ్మమ్మను ఫోన్‌లో అడిగి రాయండి.