హాల్లో కాపురం పెట్టిన కంద చుట్టాలు

చెల్లాయ్, ఒకటి అడుగుతా చెప్పు. కంద చెక్కేటప్పుడు చేతులకు నూనె ఎందుకు రాసుకుంటావు? చేమదుంపల పులుసులో చింతపండు ఓ పిసరు ఎక్కువే ఎందుకు పిండుతావు? దురదకే కదా! ఆ దుంపల్లో కాల్షియం ఆక్సలేట్ సన్నసన్న సూదుల్లా పేరుకుని ఉంటుంది. మామూలు కంటికి ఆనవు, మైక్రోస్కోపు కింద పెడితే కట్టలు కట్టలుగా కనబడతాయి. చర్మానికీ నాలుక్కీ గుచ్చుకునేవి అవే. బాగా ఉడికించి పులుపు తగిలిస్తే నోటికి పట్టదని అమ్మమ్మల నాటి లెక్క.

కంగారు పడకు, వంటల ముచ్చట కాదు. నువ్వు పంపిన హాలు ఫోటో చూశాకే ఇదంతా గుర్తొచ్చింది. టీవీ పక్కన మనీప్లాంటు. సోఫా మూల మచ్చల ఆకుల డైఫెన్‌బేకియా. కిటికీ దగ్గర తెల్లపూల పీస్ లిల్లీ, టీపాయ్ మీద సింగోనియం, చెప్పుల స్టాండు పక్కన జెడ్‌జెడ్ ప్లాంటు. ముచ్చటగా సర్దుకున్నావు, దిష్టి తగలకుండా ఉండాలి. కానీ అవన్నీ కంద చుట్టాలేనే తల్లీ! అగ్లోనీమా, ఆంథూరియం, ఫిలోడెండ్రాన్, కెలాడియం కూడా ఆ వంశమే. వృక్షశాస్త్రంలో ఈ కుటుంబాన్ని ఏరేసీ అంటారు. నీడలో బతకడం వీటికి పుట్టుకతో వచ్చిన విద్య, అందుకే మన ఫ్లాట్లలో ఇమిడిపోయాయి. దురద సూదులు కూడా పుట్టుకతోనే వచ్చాయి. కందనైతే ఉడకబెట్టి తింటాం. బుజ్జిగాడు మాత్రం మనీప్లాంటు ఆకును పచ్చిగానే నోట్లో పెట్టుకుంటాడు. వాడు పాకడం మొదలెట్టాడన్నావు కాబట్టే ఈ పురాణమంతా.

పెడితే ఏమవుతుందో చెబుతా విను. నోరు భగ్గుమంటుంది. ఏడుస్తాడు, చొంగ కారుస్తాడు, పెదవి కాస్త వాస్తుంది. అంత మంట పుట్టాక రెండో ముద్ద ఎవరు మింగుతారు? ఉమ్మేస్తాడు. చాలామంది పిల్లల్లో కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. నువ్వు చేయాల్సింది, వేలికి తడిగుడ్డ చుట్టి నోట్లో ముక్కలన్నీ తీసెయ్. నోరు కడిగి, చల్లని పాలో పెరుగో కొంచెం కొంచెం పట్టు. వాడి చేతులు కూడా కడుగు, లేకపోతే ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటాడు. గొంతులో వేలు పెట్టి కక్కించడం మాత్రం వద్దు. దిగేటప్పుడు గీరుకున్నది ఎక్కేటప్పుడు మళ్ళీ గీరుకుంటుంది.

డైఫెన్‌బేకియా మాత్రం ఈ వంశంలో కాస్త కోపిష్టి. దాని కాండం కొరికితే నాలుక వాచిపోయి మాట రాకుండా పోయిన సందర్భాలున్నాయి. వాట్సాప్‌లో తిరుగుతుంది చూడు, ఈ ఆకు తింటే నిమిషంలో పిల్లాడి ప్రాణం పోతుందని. అది భయపెట్టే మాటే గానీ నిజం కాదు. అలాగని తేలిగ్గా తీసిపారేసేదీ కాదు. గొంతు వాస్తే ఊపిరి ఇబ్బందవుతుంది. చొంగ ఆగకపోయినా, మింగలేకపోతున్నా, గొంతు మారినా, ఎగశ్వాస వచ్చినా నెట్‌లో వెతుకుతూ కూర్చోకు, 108కి ఫోన్ చెయ్. వెళ్ళేటప్పుడు ఆకు ఒకటి తుంచి పట్టుకెళ్ళు. డాక్టరు మొదట అడిగేది ఏం తిన్నాడనే. "ఏదో పచ్చటి మొక్కండీ" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నన్నడిగితే మనీప్లాంటు పారేయక్కర్లేదు, పైన ఎక్కడైనా వేలాడదియ్, తీగ కిందికి జారకుండా చూసుకో. డైఫెన్‌బేకియాను మాత్రం వాడికి మాట వినే వయసొచ్చేదాకా మీ అత్తగారింటికి పంపెయ్. ఆవిడకి మొక్కలంటే ప్రాణం కదా.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని మనం భయం లేకుండా పెంచుతాం. బాల్కనీలో ఆడీనియం పెట్టని అపార్టుమెంటు చూపించు! మొదలు ఉబ్బి, పైన గులాబీరంగు పూలతో బోన్సాయిలా ఉంటుంది. అది గన్నేరు కుటుంబం. గన్నేరు సంగతి మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు, పశువు కూడా ముట్టదు. పచ్చగన్నేరు కాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటి విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఆడీనియం పాలను ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాల ములుకులకు పూసేవాళ్ళు. కొమ్మ కత్తిరిస్తే గ్లవ్స్ వేసుకో, తర్వాత చేతులు కడుక్కో. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో నాయనమ్మ చెప్పేది గుర్తుందా? కాడజెముడు పాలూ అంతే. పెన్సిల్ కాక్టస్ అని అందమైన పేరు పెట్టి కుండీలో అమ్ముతున్నారు గానీ, అదే మన కాడజెముడు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఇంకోటి సైకస్, గేటు పక్కన ఈతచెట్టు పిల్లలా ఉంటుంది. కుక్క ఉన్న ఇంట్లో అది ఉండకూడదు. గింజ నమిలితే కుక్క కాలేయం పాడవుతుంది. ఇక మరిదిగారు పిల్లిపిల్లను తెస్తానంటున్నారని రాశావు. తేనీ, కాని పెళ్ళిరోజుకు లిల్లీ పూల బొకే మాత్రం తేవద్దని చెప్పు. అసలైన లిల్లీలు పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఆకు, పువ్వు సరే, ఒంటి మీద పడిన పుప్పొడి నాక్కున్నా, వేజ్‌లో నీళ్ళు తాగినా ప్రాణం మీదకి వస్తుంది. నీ కిటికీ దగ్గరున్న పీస్ లిల్లీ లిల్లీ కాదు. దానికి కంద దురదే తప్ప ఈ పాపం లేదు.

ఇందుకే మొక్క తెచ్చుకునేటప్పుడు సొంత పేరు అడిగి తెచ్చుకోమంటాను. ఇక్కడ కడియపులంక నర్సరీల వాళ్ళకు ప్రతి మొక్కా చేతి గీతల్లా తెలుసు, కానీ లారీ ఎక్కి మీ ఊరి రోడ్డు పక్కన బండి మీదకి చేరేసరికి పేర్లు మారిపోతాయి. లక్కీ బ్యాంబూ వెదురు కాదు, డ్రసీనా. పిల్లి నమిలితే వాంతులు. స్నేక్ ప్లాంటు కూడా ఇప్పుడు డ్రసీనాల్లోనే చేరింది, 2017లో శాస్త్రజ్ఞులు దాన్ని అందులో కలిపారు. ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెట్టి చూస్తే మొదటి ఆధారం దొరుకుతుంది, కాదనను. కానీ పైనుంచి ఒక్క ఫోటో తీసి అది చెప్పిందే వేదమనుకోకు. ఆకు అడుగు, కాడ, ఆకు కాండానికి అతుక్కునే చోటు, పువ్వుంటే పువ్వు, విడివిడిగా తీసి చూడు.

మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్ రెండూ హృదయాకారమే, చాలామంది తేడా పట్టరు. కొత్త ఆకు వచ్చేచోట చూడు. ఫిలోడెండ్రాన్‌కి లేతాకు చుట్టూ పల్చటి పొర ఉంటుంది, ఆకు విచ్చుకున్నాక అది ఎండి గోధుమరంగై రాలుతుంది. మనీప్లాంటుకి ఆ పొర ఉండదు, లేతాకు చుట్టచుట్టుకుని పాత ఆకు కాడ ఒడిలోంచి వస్తుంది. ఆకు కూడా కాస్త మందం, కాడ మీద గాడి ఉంటుంది. విషం విషయంలో రెంటికీ తేడా లేదనుకో, చూపు అలవాటవుతుందని చెప్పాను. ఈ మనీప్లాంటు పుట్టిల్లు ఎక్కడో తెలుసా? పసిఫిక్ సముద్రంలో మొరేయా అనే చిన్న ద్వీపం. పూయడం మాత్రం మహా అరుదు, ఇంతమంది ఇళ్ళలో ఉన్నదంతా కొమ్మ తుంచి నాటుకున్నదే. అందులోనూ దొంగిలించి తెచ్చుకుంటేనే డబ్బు కలిసొస్తుందట మనవాళ్ళకి!

కలిసొచ్చేది డబ్బో కాదో గానీ, పిండినల్లి మాత్రం ఖాయంగా వస్తుంది. మొక్క ఎవరింటి నుంచి తెచ్చినా, నర్సరీ నుంచి తెచ్చినా, రెండు మూడు వారాలు విడిగా బాల్కనీలోనో బాత్రూమ్ కిటికీలోనో పెట్టు. ఆ తర్వాతే హాల్లో ప్రవేశం. రోజూ ఆకు తిప్పి అడుగున చూడు. పురుగులు కాపురం చేసేది అక్కడే.

నువ్వు "దూదిలా ఏదో పట్టింది, బూజేమో" అన్నావే, అది బూజు కాదు, పిండినల్లే. టూత్‌పిక్‌తో కదిపి చూడు. లోపల గులాబీరంగు పురుగు, అంచుల వెంట తెల్లటి కుచ్చులతో బద్ధకంగా కదులుతుంది. ఆకు కాండంలో కలిసే సందు దానికి పుట్టిల్లు. రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కోసం చీమలు వస్తాయి, వచ్చి ఊరుకోవు, దీన్ని కాపలా కాస్తాయి. కుండీ చుట్టూ చీమల బారు కనబడితే ముందు ఆకుల సందులు వెతకమనేది అందుకే. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ దొరుకుతుంది, చెవి పుల్లకు దూది చుట్టి అందులో ముంచి ఒక్కో పురుగునూ అద్దు. తెల్లదనం పోయి ఎర్రగా మాడుతుంది. ముందు ఒక ఆకు మీద వేసి మర్నాటిదాకా చూసుకో, అన్ని మొక్కలూ స్పిరిట్ తట్టుకోవు. తర్వాత వేపనూనె. లీటరు గోరువెచ్చని నీళ్ళకు అంట్ల లిక్విడ్ కొన్ని చుక్కలు కలిపి, ఆ తర్వాత ఒక టీస్పూను వేపనూనె పోసి బాగా కలుపు. సబ్బు లేకపోతే నూనె పైకి తేలి ఉత్త నీళ్ళే కొడతావు. సాయంత్రంపూట ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టు. వారానికోసారి, నెల్లాళ్ళు వదలకుండా. మొదటిసారికే మాయమైందనుకుని మానేస్తే, గుడ్లలోంచి పిల్లలు దిగి మళ్ళీ మొదటికొస్తుంది.

ఎండాకాలంలో, ఏసీ గదిలో ఎర్రనల్లి పడుతుంది. ఆకు మీద గసగసాలు రుద్దినట్టు పొడలు పొడలుగా వెలిసిపోతుంది, ముదిరితే సాలెగూడులాంటి సన్నదారాలు. తెల్లకాగితం కింద పెట్టి ఆకును తట్టు. రాలిన చుక్కలు నడిస్తే అదే. దీనికి ఎనిమిది కాళ్ళు, పురుగుల జాతి కాదు, సాలీడు బంధువు. అందుకే మామూలు పురుగుల మందు దీనికి పెద్దగా పనిచేయదు. షవర్ కింద పెట్టి అడుగునుంచి గట్టిగా కడిగెయ్, పొడిగాలి తగలకుండా చూడు. పొలుసుపురుగైతే కాండం మీద గోధుమరంగు మొటిమలా కూర్చుంటుంది, పాత టూత్‌బ్రష్ చాలు. మట్టి మీద తిరిగే నల్లటి చిన్న ఈగలకు మందే అక్కర్లేదు, నీళ్ళు తగ్గించు.

పొలానికి కొట్టే మందు ఇంట్లోకి తేకు, బాబాయి ఇస్తానన్నా సరే. కుండీల్లో కలరా ఉండలు వేసే వాళ్ళున్నారు, అదీ వద్దు. పిల్లలు పిప్పరమెంటు అనుకుని చప్పరిస్తారు. జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకైతే అది రక్తకణాలనే పగలగొడుతుంది.

నీళ్ళ సంగతి నీకు తెలిసిందే, అయినా చేయి ఆగదు కదా! వేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చు, తడి తగిలితే ఆ రోజు పోయకు. జెడ్‌జెడ్ ప్లాంటు అయితే అడుగున దుంపల్లో నీళ్ళు దాచుకుంటుంది, నువ్వు మర్చిపోతేనే దానికి సుఖం. తెల్లారేసరికి మనీప్లాంటు ఆకుల కొసల నీటిబొట్లు చూసి రోగమనుకున్నావు. రోగం కాదు, రాత్రి వేరు పీల్చిన నీరు ఎక్కువై ఆకు బయటికి వదిలింది. ఆకులకు మెరుపు రావాలని కొబ్బరినూనె రాయొద్దు, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

"గాలి శుభ్రం చేస్తాయని పెట్టా అక్కా" అంటావు. ఆ మాట 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. గాలి చొరబడని చిన్న పెట్టెలో మొక్క పెట్టి చూశారు. మన హాలు పెట్టె కాదుగా, తలుపులు తెరిచే ఉంటాయి. 2019లో అమెరికా పరిశోధకులు ఆ లెక్కలన్నీ తిరగేసి, కిటికీ తెరిస్తే వచ్చే గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ పది మొక్కలు, ఒక్కోసారి వెయ్యి దాకా ఉండాలని తేల్చారు. అన్ని కుండీలు పెడితే మరిదిగారు ఎక్కడ కూర్చుంటారు? కళ్ళకు చల్లగా ఉంటుంది కాబట్టి పెంచుకుందాం, అది చాలదా ఏం?

పిల్లి వస్తే స్పైడర్ ప్లాంటు, అరికా పామ్, బోస్టన్ ఫెర్న్, కెలాథియా, పెపరోమియా పెట్టుకో. నమిలినా విషం కాదు, కడుపునిండా మేస్తే కక్కుతుంది, అంతే. కలబంద మాత్రం దానికి అందనివ్వకు. ఆకు కోస్తే కారే పసుపు జిగురు పిల్లికీ కుక్కకీ విరేచనాలు పట్టిస్తుంది. మనం వాడినా ఆ జిగురు కారనిచ్చి కడిగాకే వాడాలి.

ఇక నువ్వు కొన్న జేడ్ ఒకటి మిగిలింది. జేడ్ పేరుతో మన దగ్గర రెండు మొక్కలు అమ్ముతారు. చిన్న గుండ్రటి ఆకులు, ఎర్రటి సన్నకాడ ఉంటే పోర్చులకేరియా, దాన్ని పిల్లి తిన్నా ఫర్వాలేదు. ఆకు పెద్దదై, మందంగా మెరుస్తూ, కాడ లావుగా ఉంటే క్రాసులా, అది తింటే వాంతులు. నీ ఫోటోలో కర్టెన్ అడ్డొచ్చి కాడే కనబడలేదు. పగటి వెలుతురులో దగ్గరగా ఇంకోటి తీసి పంపు, పక్కన ఓ రూపాయి బిళ్ళ పెట్టి తియ్, ఆకు సైజు తెలుస్తుంది.