క్లచ్ పెడల్ – దానికి ఉండవలసిన వదులు

మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో కారు నడుపుటయే జీవనాధారముగా గలవారు కొందరు కలరు. స్వంత కారులో ఉద్యోగమునకు పోవువారు మరికొందరు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నివసించు మనకు సిల్క్ బోర్డు కూడలి దాటక తప్పదు. అచ్చట బండి నాలుగడుగులు కదలుట, ఆగుట, మరల కదలుట నిత్యకృత్యము. ఆ నడకలో మిక్కిలి శ్రమపడునది క్లచ్. దాని పెడల్‌కు ఉండవలసిన వదులును గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము. మెకానిక్కులు దీనిని ‘ఫ్రీ ప్లే’ అందురు. మేము ఇంటర్మీడియట్ వరకు చదివినవారమే గాని మోటారు విద్య నేర్చినవారము కాము. ఈ పాఠమును మా పొరపాటు వలన సొమ్ము చెల్లించి నేర్చుకొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా చిన్న కారు క్లచ్ పెడల్ మొదట కొంత దూరము వదులుగా కదలుచుండెను. అది లోపమని తలచి, నట్టు బిగించి ఆ వదులును పూర్తిగా తీసివేసితిమి. పెడల్ గట్టిపడినదని సంతోషించితిమి. కొన్ని మాసముల పిమ్మట ఒకనాడు, సిల్క్ బోర్డు నుండి ఎలక్ట్రానిక్ సిటీకి 2010లో తెరచిన ఎలివేటెడ్ రహదారి ఎక్కుచుండగా, ఇంజను హోరుమని మ్రోగినదే గాని బండి వేగము పుంజుకొనలేదు. కాలిన వాసన వచ్చినది. వెనుక బండ్ల వరుస, లోపల పిల్లలు. ఎట్లో ప్రక్కకు చేరితిమి. క్లచ్ విప్పి చూడగా ప్లేటు అరిగిపోయి యున్నది. తప్పు బండిది కాదు, మాదే.

ఇట్లేల జరిగినదో తెలియవలెనన్న క్లచ్ పనిచేయు విధము తెలియవలెను. ఇంజనుతో తిరుగు చక్రము ఫ్లైవీల్. గేర్‌బాక్సు ఇరుసుపై నుండునది క్లచ్ ప్లేటు. బలమైన స్ప్రింగు గల ప్రెషర్ ప్లేటు ఈ క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టును. అప్పుడు ఇంజను శక్తి చక్రములకు చేరును. పెడల్ త్రొక్కగా కేబుల్ ఒక మీటను లాగును. ఆ మీట రిలీజ్ బేరింగును ముందుకు నెట్టును. బేరింగు స్ప్రింగును నొక్కగా ప్లేటు పట్టు విడును. త్రొక్కనప్పుడు బేరింగు స్ప్రింగును తాకక కొంచెము ఎడముగా నుండవలెను. ఆ ఎడమే పెడల్ వద్ద వదులుగా మనకు తెలియును.

వదులు లేనిచో బేరింగు ఎల్లప్పుడు స్ప్రింగును నొక్కుచుండును. ప్లేటు పట్టు సడలి జారును. జారిన కొలది వేడెక్కి అరుగును. మాకు జరిగినది ఇదియే. వదులు మితిమీరినను కీడే. పెడల్ చివర వరకు త్రొక్కినను పట్టు పూర్తిగా విడదు. గేరు మార్చునప్పుడు కరకర శబ్దము వచ్చును. వాడుకలో ప్లేటు అరిగిన కొలది స్ప్రింగు కొనలు బేరింగు వైపు జరిగి వదులు తగ్గును; కేబుల్ సాగినచో పెరుగును. కావున అప్పుడప్పుడు కొలిచి చూడవలెను.

కొలుచు విధము సులభము. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లో ఉంచవలెను. 30 సెంటీమీటర్ల స్కేలును పెడల్ ప్రక్కన నిలువుగా పట్టి దాని ఎత్తు గుర్తింపవలెను. పిమ్మట వ్రేళ్లతో మెల్లగా నొక్కి, బరువు తగిలిన చోట మరల గుర్తింపవలెను. మొదటిది 160 మిల్లీమీటర్లు, రెండవది 140 అయినచో వదులు 20. కేబుల్ గల అనేక చిన్న కార్లకు 15 నుండి 25 మిల్లీమీటర్లు తగినది. మీ బండికి ఎంత ఉండవలెనో దానితో ఇచ్చిన పుస్తకములో చూచి, ఆ లెక్కనే పాటింపుడు.

సరిచేయుటకు ఇంజను చల్లారిన పిమ్మట బానెట్టు ఎత్తి, గేర్‌బాక్సు వద్ద మీటకు కేబుల్ తగిలిన చోటు చూడవలెను. అచ్చట నట్టు ఉండును. లాక్ నట్టు ఉన్నచో ముందు దానిని వదులు చేయవలెను. నట్టును బిగించినచో పెడల్ వదులు తగ్గును, విప్పినచో పెరుగును. ఒకమారు అరచుట్టు మాత్రమే త్రిప్పి, పెడల్‌ను నాలుగైదు సార్లు త్రొక్కి, మరల కొలువవలెను. సరిపోయిన పిమ్మట లాక్ నట్టు బిగింపవలెను. తుదకు ఇంజను నడిపి, బ్రేకు, క్లచ్ రెండును పూర్తిగా త్రొక్కి రివర్స్ గేరు వేయగా శబ్దము లేక పడవలెను. ఎంత విప్పినను వదులు చాలనిచో ప్లేటు అరిగినదనుకొని మెకానిక్కును పిలువవలెను. ద్రవపు ఒత్తిడితో పనిచేయు క్లచ్‌లు, తమంతట సర్దుకొను కేబుల్‌లు గల బండ్లలో ఈ పని సాధారణముగా ఉండదు, వానిని కదలింపరాదు.

ఇంకొక మాట. వదులు ఎంత సరిగా నున్నను, పాదమును పెడల్‌పై ఆనించి నడుపువానికి అది లేనట్లే. సిగ్నల్ వద్ద హాఫ్ క్లచ్‌పై బండిని నిలుపక, న్యూట్రల్ చేసి బ్రేకు వేయుడు.

తల్లిదండ్రులారా, వచ్చు ఆదివారము ఉదయమున పెడల్ కొలుచునప్పుడు మీ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని స్కేలు వారి చేతికిండు. పెడల్ వద్ద 20 మిల్లీమీటర్ల కదలిక బేరింగు వద్ద 2 మాత్రమే అయినచో, మధ్యనున్న మీటల నిష్పత్తి ఎంత యని అడుగుడు. తరగతిలో మేము నల్లబల్లపై గీసిన మీట బొమ్మను వారు బండిలో చూడగలరు.