మామయ్య ఉత్తరం

(పొలసరలో పెళ్ళిళ్ళకు, పండుగలకు ఫోటోలు తీసే ఒక మేనమామ, బరంపురంలో పదవ తరగతి చదువుతున్న తన మేనకోడలికి రాసిన లేఖ ఇది.)

పొలసర

చిరంజీవి చిట్టికి,

  

నీ ఉత్తరం అందింది. మీ తాతగారు వచ్చే ఉగాదికి మగ్గం దించేస్తానన్నారని చదివి కాసేపు నాకేమీ తోచలేదు. ఈలోగా ఆయన పట్టుచీర నేస్తుండగా ఫోటోలు తీయాలని నీకు అనిపించడం, అందుకు బావగారు కెమెరా కొనిపెడతాననడం నాకు చాలా సంతోషం కలిగించాయి. ఆయన ఎంతో కాలంగా కూడబెట్టిన డబ్బు అది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"ఎన్ని మెగాపిక్సెళ్ళది కొనమంటావు?" అని అడిగావు. కొట్టుకు వెళ్ళిన ప్రతివారూ మొదట అడిగేది ఇదే. నీకు లెక్కలు బాగా వచ్చు కదా, వేసి చూడు. ఆల్బంలో అంటించే ఫోటో 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉంటుంది. చక్కగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కలు చాలు. 1800ను 1200తో గుణిస్తే 21 లక్షల 60 వేలు. అంటే రెండు మెగాపిక్సెళ్ళకు కొంచెం ఎక్కువ. గోడకు తగిలించే 12 అంగుళాల ఫోటోకైనా తొమ్మిది మెగాపిక్సెళ్ళు దాటవు. ఈ రోజుల్లో మామూలు కెమెరాలోనే 24 ఉంటున్నాయి. 1975లో అమెరికాలో కోడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాలో ఉన్నవి పదివేల చుక్కలు మాత్రమే. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట! కాబట్టి ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు పోయవద్దు.

చూడవలసింది లోపల వెలుతురును పట్టే సెన్సారు ఎంత పెద్దదన్నది. పాత ఫిల్ము ముక్కంత సెన్సారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అలాంటి కెమెరాలు ఖరీదైనవి. దానికన్నా చిన్నది ఏ.పి.ఎస్.-సి. అనే సెన్సారు. సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. నీకు అది చాలు. ఫోనులోని సెన్సారు దీనికంటే ఎంతో చిన్నది.

ఇక లెన్సుల సంగతి. నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి కెమెరా కొన్నప్పుడు కొట్టువాడు రెండు జూమ్ లెన్సులు కలిపి ఇస్తానంటే, దూరంగా ఉన్నవన్నీ దగ్గరగా కనిపిస్తాయి కదా అని మురిసిపోయాను. ఆ ఏడు బరంపురం ఠాకురాణి యాత్రకు మీ అమ్మమ్మను తీసుకువచ్చాను. రాత్రి ఘటాలు ఊరేగుతున్నాయి. అమ్మ జనం మధ్య చేతులు జోడించి నిలబడింది. నేను ఎదుటి అరుగు మీద నుంచి పెద్ద జూమ్ పెట్టి తీశాను. ఒక్క ఫోటోలోనూ ముఖం తెలియలేదు. అన్నీ అలికినట్లు వచ్చాయి. యాత్ర మళ్ళీ రెండేళ్ళకు గాని రాదు. అప్పటికి అమ్మ లేదు.

అలా ఎందుకు జరిగిందో తర్వాత తెలిసింది. లెన్సు మీద ఎఫ్ పక్కన ఒక అంకె ఉంటుంది. లెన్సు నాభ్యంతరాన్ని దాని లోపలి కన్నం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సుకు కన్నం 25 మిల్లీమీటర్లయితే ఎఫ్ 2. కన్నం 12.5 అయితే ఎఫ్ 4. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, వెలుతురూ నాలుగో వంతే వస్తుంది. అంటే అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. నా జూమ్ లెన్సు ఎఫ్ 5.6. చాలినంత వెలుతురు కోసం కెమెరా తన తలుపును ఎక్కువసేపు తెరిచి ఉంచింది. ఆలోగా నా చెయ్యీ కదిలింది, జనమూ కదిలారు.

ఇప్పుడు మీ మగ్గం గది గుర్తు తెచ్చుకో. ఒకే కిటికీ, ఒకే బల్బు. గుంటలో కాళ్ళు పెట్టుకుని మీ తాతగారు నాడె విసురుతుంటే చెయ్యి ఒకచోట నిలవదు. దాన్ని పట్టాలంటే సెకనులో 250వ వంతు కాలంలో ఫోటో అయిపోవాలి. ఎఫ్ 5.6 లెన్సుతో ఆ గదిలో 25వ వంతు పడుతుందనుకో. అదే చోట ఎఫ్ 1.8 లెన్సు పెడితే సుమారు పది రెట్ల వెలుతురు వస్తుంది, 250వ వంతు సరిపోతుంది. ఐ.ఎస్.ఓ. పెంచి కూడా పని జరుపుకోవచ్చు. కాని మరీ పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్లు రేణువులు కనిపిస్తాయి. పట్టు మెరుపు, కుంభం అంచు నగిషీ అందులో పోతాయి.

జూమ్ లేని ఎఫ్ 1.8 లెన్సులలో 50 మిల్లీమీటర్లది చవక. అందరూ అదే కొనమంటారు. నేను మాత్రం నీకు 35 మిల్లీమీటర్లది మేలంటాను. ఆ గదిలో నువ్వు రెండు మీటర్లకు మించి వెనక్కు జరగలేవు. చిన్న సెన్సారు మీద 50తో అడ్డంగా ఒక మీటరు కూడా పట్టదు. 35తో సుమారు 1.3 మీటర్లు పడుతుంది. ఆయన ముఖం, చేతులు, నేసిన గుడ్డ మూడూ ఒకేసారి వస్తాయి. మగ్గం మొత్తం కావాలంటే కెమెరాతో వచ్చే 18–55 కిట్ లెన్సు ఉంది కదా, దాన్ని 18 దగ్గర పెట్టి, కెమెరాను ముక్కాలిపీట మీద నిలిపి తీయి. హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద అంత స్పష్టమైన బొమ్మలు తీయగలిగాడంటే అందులో కదలని కెమెరాకు చాలా భాగం ఉంది.

భేట్నై కృష్ణజింకల కోసం పెద్ద టెలీ లెన్సు కూడా కొనాలన్నావు. నిజమే, పొలాల్లో అంత దూరాన గెంతే జింకకు 300 మిల్లీమీటర్లయినా కావాలి. నాకూ ఆశే. కాని ఆ ఊళ్ళవాళ్ళు జింకలు పైరు మేసినా తరమకుండా తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు. నువ్వు కాలేజీకి వెళ్ళాక తీసినా అవి అక్కడే ఉంటాయి. మగ్గం ఉండదు.

ఇప్పుడు కంపెనీలు కొత్త నమూనాలను ఎక్కువగా అద్దం లేని మిర్రర్‌లెస్ రకంలోనే తెస్తున్నాయి. అందువల్ల అద్దం ఉన్న డి.ఎస్.ఎల్.ఆర్.లు సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు దొరుకుతున్నాయి. నీ పనికి అది ఏమాత్రం లోటు కాదు. ఒక కంపెనీ లెన్సు మరో కంపెనీ బాడీకి నేరుగా బిగియదు కనుక రెండూ ఒకటే రకం చూసుకోవాలి. పాత లెన్సును టార్చిలైటు ముందు పట్టి చూడు. లోపల సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు పట్టిందన్నమాట. ఎంత చవకైనా వద్దను. మనది సముద్రపు గాలి తగిలే జిల్లా, బూజు తొందరగా పడుతుంది. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకో.

వచ్చే ఆదివారం నేను బరంపురం వస్తాను, కలిసి వెళ్ళి చూద్దాం. ఈలోగా అక్క ఫోను పట్టుకుని రోజంతా ఆ గది గమనించు. కిటికీ వెలుగు ఏ వేళకు మగ్గం మీద పడుతుందో కాగితం మీద రాసి ఉంచు. ముందుగా మీ తాతగారిని అడుగు, ఫోటోలు తీస్తే పనికి అడ్డం కాదు కదా అని. ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య