సందేహాలు - సమాధానాలు: టెట్ తెలుగులో రచయిత ధోరణి

సందేహం: టెట్ పేపర్-1కు చదువుతున్నాను. గద్యభాగం ఇచ్చి రచయిత ధోరణి ఏమిటని అడిగినప్పుడల్లా తప్పు పెడుతున్నాను. మాటలన్నీ అర్థమవుతాయి, జవాబే దొరకదు.
- ఒక పాఠకురాలు, నంద్యాల

సమాధానం: మాటలు అర్థమయ్యాక చూడాల్సింది, చెప్పిన సంగతికీ చెప్పిన తీరుకీ పొత్తు కుదిరిందా లేదా అని. ఈ వాక్యాలు చదవండి: 'మా పంచాయతీ వారి దయ అపారం. వీధి చివర కుళాయి పెట్టించారు. దానికి రంగు వేయించారు. ప్రారంభోత్సవం నాడు నీళ్లు కూడా వచ్చాయి.'

'దయ అపారం' దగ్గరే ఆగినవారు 'కృతజ్ఞత' అని గుర్తుపెట్టేస్తారు. కానీ నీళ్లు రావడమే కదా కుళాయి పని, 'కూడా' అని దాన్నొక వరంలా ఎందుకు చెప్పినట్లు? 'ప్రారంభోత్సవం నాడు' అనడంలోనే ఆ తర్వాత రాలేదన్న సంగతి ఉంది. పొగడ్త చాలా పెద్దది, అందుకు చూపిన కారణం మరీ చిన్నది. అలాంటి చోట వ్యంగ్యాన్ని అనుమానించండి. పొగుడుతున్నట్లే తెగడడం, తెగడుతున్నట్లే పొగడడం రెంటినీ మన ఆలంకారికులు వ్యాజస్తుతి కిందే చెప్పారు.

ఆప్షన్లలో 'ఆగ్రహం' ఉంటే మనసు అటు లాగుతుంది. అన్యాయం కనిపించింది కాబట్టి మీకు కోపం వచ్చింది. ఆ కోపం మీది. గద్యంలో నిలదీసిన మాట ఒక్కటీ లేదు. పరీక్షలో అడిగింది రచయిత ధోరణిని.

150 ప్రశ్నలకు 150 నిమిషాలే ఉన్నాయని చాలామంది ముందు ప్రశ్నలు చూసి గద్యంలో వెతుకుతారు. ధోరణి ప్రశ్నకు అది పనికిరాదు. పై కుళాయి సంగతిలాగే అసలు గుట్టు ఆఖరి వాక్యంలో ఉండవచ్చు. ముందు ఆసాంతం ఒక్కసారి చదవండి.

సందేహం: ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకాలను త్వరగా గుర్తించడమెలా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: 'లాగా, వలె' ఉంటే ఉపమ, 'కాబోలు' ఉంటే ఉత్ప్రేక్ష అన్న గుర్తు మంచిదే, దాన్నే నమ్ముకుంటే మోసపోతారు. 'నాన్న చెప్పినట్లే పొద్దున బస్సుకు వెళ్లాడు' అన్నదాంట్లో అలంకారం లేదు. పోల్చిన వస్తువులు రెండున్నాయా అని ముందు చూడండి. 'మబ్బు దూదిలా ఉంది' అన్నప్పుడు రెండూ వేరువేరుగా నిలిచాయి, ఉపమ. 'ఆ తెల్లనిది ఎవరో ఆరబెట్టిన దూది కాబోలు' అన్నది ఊహ, ఉత్ప్రేక్ష. 'విద్యాధనం'లో విద్యే ధనం, భేదం చెరిగిపోయింది కాబట్టి రూపకం.

సందేహం: తెలియని జాతీయం వస్తే వదిలేయాలా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: వదలకండి, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. 'అప్పు సంగతి ఎత్తగానే నీళ్లు నమిలాడు' అన్నచోట ఆ జాతీయం ఎన్నడూ విననివారికీ 'అప్పు' అన్న మాట దారి చూపుతుంది. దాహానికి సంబంధించిన ఆప్షన్‌ను ముందే కొట్టేయండి. ఆ మనిషి స్థితికి సరిపోయేది 'తటపటాయించాడు' అన్నదే.