కంపెనీ కదిలితే ఖర్చు ఎవరిది?

ఈ సంచికలో కథలు, కవితలు, జోకులు ఎలాగూ ఉంటాయి. మేము మాత్రం కొంచెం లెక్కల మాట రాస్తున్నాం. ఎకనామిక్స్ అని పేజీ తిప్పేయకండి. తిరిగి తిరిగి ఇది మన మెస్ చార్జీల దగ్గరికే వస్తుంది.

"ఫలానా కంపెనీ మన రాష్ట్రానికి వస్తోంది", "ఫలానా కంపెనీ పక్క రాష్ట్రానికి తరలిపోయింది" అనే వార్తలు పేపర్లో తరచూ చూస్తుంటాం. ఎన్నికలు దగ్గరపడితే ఇంకా ఎక్కువ. వచ్చింది మా వల్లేనని ఒకరు, పోయింది మీ వల్లేనని ఇంకొకరు. మన ఇంటి ఖర్చు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మా ఇళ్లల్లో డిగ్రీ గడప దాటినవాళ్లం మేమే మొదట. పుస్తకంలో చదివిన "పన్ను రాయితీ" అనే మాటను ఇంట్లో పెద్దవాళ్లకు చెబితే "అయితే ఆ డబ్బు ఎవరు కడతారు?" అని అడుగుతారు. పీజీ క్లాసులో కూడా ఇంత సూటి ప్రశ్న మేము వినలేదు.

ప్రభుత్వానికి పన్ను కట్టేవాళ్లు రెండు రకాలు. కదలగలిగినవాళ్లు, కదలలేనివాళ్లు. కంపెనీకి ఇక్కడ నచ్చకపోతే ఇంకో రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంటుంది. కొబ్బరి దింపు తీసే కార్మికుడు, ఆటో నడిపే అన్న, అద్దె గదిలో ఉండి చదువుకునే విద్యార్థి అలా పోలేరు. కంపెనీని పిలవడానికో, నిలుపుకోవడానికో తగ్గించిన పన్ను, కదలలేనివాళ్లు తప్పక కొనే వస్తువుల మీదికి చేరుతుంది. మేము చెప్పదలచింది ఇదే. మన గోదావరి జిల్లాల్లోనే దీనికి కావలసినన్ని ఉదాహరణలున్నాయి.

ముందు యానాం చూద్దాం. సుమారు 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం, 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది, తరువాత పుదుచ్చేరి కిందికి వచ్చింది. చుట్టూ ఆంధ్రప్రదేశే. భాష ఒకటే, పులస మీద మోజు ఒకటే, పక్కన పారే గౌతమి ఒకటే. మారేది పన్ను ఒక్కటే. అమ్మకపు పన్ను ఉన్న రోజుల్లో పుదుచ్చేరి లాంటి చిన్న ప్రాంతాలు పన్ను తగ్గించి పరిశ్రమలను పిలిచేవి. ఈ పోటీ ఎంత ముదిరిందంటే, 1999 నవంబరులో ముఖ్యమంత్రులంతా ఢిల్లీలో కూర్చుని, ఇకపై అమ్మకపు పన్ను రాయితీలు ఆపేద్దామని ఒప్పుకోవలసి వచ్చింది.

యానాంలో పెద్ద ఫ్యాక్టరీ అంటే రీజెన్సీ సెరామిక్స్. టైల్స్ చేసేవారు. ఆ ఒక్క ఫ్యాక్టరీ చుట్టూ టీ కొట్లు, అద్దె గదులు, లారీలు, మెకానిక్ షెడ్లు బతికాయి. యానాం వాళ్లే కాదు, సరిహద్దుకు ఇటుపక్క ఊళ్ల నుంచి కూడా పనికి వెళ్లేవారు. 2012 జనవరి 27న కార్మికుల ఆందోళన హింసగా మారింది. కార్మిక సంఘ నాయకుడొకరు, కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, ఏళ్ల తరబడి మూతపడింది. ఇటుపక్క ఊళ్ల కార్మికుల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. ఓటు ఇక్కడ, కూలి అక్కడ. పని పోయినప్పుడు ఏ ఎమ్మెల్యేని అడగాలి? ఒకే యజమానిని నమ్ముకున్న ఊరికి, ఆ ఫ్యాక్టరీ వేరే రాష్ట్రానికి తరలినా, తాళం పడినా తేడా ఏమీ ఉండదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. టైల్స్ మీద యానాంలో ఎంత పన్నో కాకినాడలోనూ అంతే అయింది. రాష్ట్రాలు సొంతంగా పెంచుకోగల పన్నులు తగ్గిపోయాయి. ముఖ్యంగా మిగిలినవి పెట్రోలు, డీజిలు, మద్యం. యానాం బంకుల దగ్గర ఏపీ నంబరు బళ్లు బారులు తీరేది అందుకే.

ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ధర కథకు రాజకీయంతో నేరుగా సంబంధం ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైన దగ్గర్నుంచి కంపెనీలు, వాటితోపాటు మన జిల్లాల ఇంజినీర్లు హైదరాబాదుకే చేరారు. ఆ ఆదాయం తెలంగాణకు వెళ్లింది. జనాభాలో 58.32 శాతం మనకు వచ్చింది. మొదటి ఏడాది రెవెన్యూ లోటు 16,078 కోట్లని కాగ్ లెక్క తేల్చింది. ఆ మరుసటి ఏడాది, 2015 ఫిబ్రవరిలో, పెట్రోలు మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్ వచ్చింది. 2018లో అందులో 2 రూపాయలు తగ్గించి, 2020లో మళ్లీ 4 చేశారు. దానిపైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. వీటన్నిటికీ ముందు 31 శాతం వ్యాట్ ఉండనే ఉంది.

లెక్క వేద్దాం. వ్యాట్ వేయకముందు లీటరు 80 రూపాయలు అనుకోండి. 31 శాతం అంటే 24 రూపాయల 80 పైసలు. దానికి 5 కలిపితే 29.80. ధర 109.80 అయింది. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు తగ్గించినప్పుడు పుదుచ్చేరి తన వ్యాట్‌ను కూడా 7 రూపాయలు తగ్గించింది, మనం తగ్గించలేదు. పార్టీలు మారినా ఈ పన్ను అంత తేలిగ్గా దిగదు, ఎందుకంటే ఖజానాకు వేరే దారి తక్కువ. బండి లేనివాడికి దీంతో పనేముంది అనుకోవద్దు. రావులపాలెం అరటి గెల, కడియం మొక్క, మార్కెట్ యార్డు వంకాయ అన్నీ డీజిలు మీదే కదులుతాయి. దాని మీదా వ్యాట్ ఉంది.

విభజన చట్టంలో ఇంకో చిక్కు ఉంది. వ్యాట్ రోజుల్లో కంపెనీలు తమ ప్రధాన కార్యాలయం ఉన్నచోట పన్ను కట్టేవి. రాజమండ్రిలో అమ్మిన సరుకుకు కూడా లెక్క హైదరాబాదులో చూపేవి. పాత బకాయిలు వసూలు చేసుకునే హక్కును 50వ సెక్షను పన్ను మదింపు జరిగిన చోటు ఉన్న రాష్ట్రానికిచ్చింది. కంపెనీలకు తిరిగి చెల్లించాల్సిన పన్నును మాత్రం 56వ సెక్షను జనాభా ప్రకారం పంచింది. అంటే రాబడి చిరునామాను బట్టి, చెల్లింపు తలలను బట్టి! ఈ ఒక్క సంగతి చాలు, కంపెనీ బోర్డు ఎక్కడ తగిలించిందన్నది ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి.

అద్దెల సంగతి. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడికి వచ్చారు. వాళ్లకు 30 శాతం ఇంటి అద్దె భత్యం కొనసాగించారు. ఊరు మారినవాళ్లకు అది న్యాయమే. కానీ విజయవాడ, గుంటూరుల్లో ఇంటి యజమాని ఆ భత్యాన్ని చూసి అద్దె చెబుతాడు. అదే వీధిలో ఉండే ప్రైవేటు టీచరుకు, కోచింగుకు వెళ్లిన మనవాళ్లకు ఏ భత్యమూ లేదు. ఆఫీసులు వస్తే ఊరు బాగుపడుతుందనేది నిజమే, అయితే సొంత ఇల్లున్నవాడికి, అద్దెకున్నవాడికి ఒకేలా బాగుపడదు.

యానాం పక్కనే తాళ్లరేవు మండలం గాడిమొగ ఉంది. 2009 ఏప్రిల్‌లో సముద్రం నుంచి కేజీ డి-6 గ్యాసు అక్కడే ఒడ్డుకు చేరింది. అదే ఏడాది కాకినాడ ప్రాంతం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను సిద్ధమైంది. ఎవరికి ఎంత గ్యాసు అన్నది కేంద్ర మంత్రుల బృందం నిర్ణయించింది. తరువాత ఉత్పత్తి పడిపోయింది. జేగురుపాడు, వేమగిరి, సామర్లకోటల గ్యాసు విద్యుత్ కేంద్రాలకు గ్యాసు కరువైంది. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. మన ఇసుక కింద పైపు ఉంది, మన మిల్లులో కరెంటు లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. లాభానికి పైపులైను ఉంది గానీ ప్రమాదం మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

రాయితీలన్నీ దండగ అని మేము అనడం లేదు. మీ దగ్గరున్న మందు బిళ్లల అట్ట వెనక్కి తిప్పి చూడండి, చాలావాటి మీద హిమాచల్‌లోని బద్ది పేరు ఉంటుంది. 2003లో కేంద్రం ఆ కొండ రాష్ట్రాలకు పదేళ్లు ఎక్సైజు మినహాయింపు ఇచ్చింది, మందుల కంపెనీలు అక్కడికి నడిచాయి. మనకూ ప్రత్యేక హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని చెప్పారు. 2016లో దాని బదులు ప్యాకేజీ అన్నారు. అనంతపురం వంటి కరువు జిల్లాలో 2017లో కియాతో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికి వచ్చాయి. మంచిదే. కానీ 2020 ఫిబ్రవరిలో ఆ ఫ్యాక్టరీ తమిళనాడుకు పోతుందని ఒక వార్త వచ్చింది. కంపెనీ, ప్రభుత్వం రెండూ ఖండించాయి. ఒట్టి వార్తకే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. పోగలిగినవాడికున్న బలం అది. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. ఉద్యోగాలు వస్తే అది తెలివైన బేరమే కావచ్చు. అయితే ఎన్ని ఉద్యోగాలు, ఎన్నేళ్లలో, ఎవరికి అని లెక్క అడిగేవాళ్లు కూడా ఉండాలి.

ఇప్పుడు మెస్ చార్జీలు. వాటిని మార్కెట్ నిర్ణయించదు, జీవో నిర్ణయిస్తుంది. పప్పు, నూనె ధర నెలనెలా మారుతుంది, జీవో ఏళ్లకోసారి వస్తుంది. మధ్యలో పెరిగిన ధర పల్చటి చారులో కనిపిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీలో హాల్ టికెట్ దగ్గర కనిపిస్తుంది. 2013 ఉప ప్రణాళిక చట్టం మనకు జనాభాను బట్టి వాటా ఇచ్చింది. కానీ వాటా శాతంలో ఉంటుంది, కుండలో ఉన్నదాన్ని బట్టే గరిటెలోకి వస్తుంది. కాబట్టి కంపెనీకి ఎన్ని వందల కోట్లు మాఫీ అన్న వార్త మనకు సంబంధం లేని వార్త కాదు.

వచ్చే వార్షికోత్సవానికి మీలో ఎవరైనా ఒక పని చేయగలరా? ఒక నోటుబుక్కులో ప్రతి నెల మొదటి తారీఖున ఐదు ధరలు రాయండి: యానాం బంకులో పెట్రోలు, ఇటుపక్క బంకులో పెట్రోలు, మీ ఊరి నుంచి కాకినాడకు బస్సు టికెట్టు, కాకినాడలో ఇద్దరు ఉండే గది అద్దె, కిలో కందిపప్పు. పక్కన ఆ నెల పేపర్లో వచ్చిన కంపెనీ ఒప్పందం ఏదైనా ఉంటే, దానికిచ్చిన భూమి, రాయితీ రాయండి. పన్నెండు నెలలకు పన్నెండు వరుసలు. మేము ఎక్కడున్నా వచ్చి మీతో కూర్చుని ఆ పట్టిక చదువుతాం.