మందులు పనిచేశాయి, మరి బయటికి ఎందుకు రావడం లేదు?

మీ అబ్బాయినో అమ్మాయినో ఆసుపత్రి నుండి ఇంటికి తీసుకువచ్చి కొన్ని నెలలైంది. చెవిలో మాటలు వినబడటం తగ్గింది. ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం తగ్గింది. అయినా తలుపు వేసుకుని గదిలోనే ఉంటున్నారు. "మందులు వేసుకుంటున్నాడు కదా, ఇంకా ఈ బద్ధకమేమిటి?" అని మీరు విసుగు చెంది ఉండవచ్చు.

ఇది బద్ధకమేనా?

కాదు. సైకోసిస్ ఎక్కువగా చదువుకునే, ఉద్యోగంలో చేరే వయసులో మొదలవుతుంది. మందులు భ్రమలను, అనుమానాలను తగ్గిస్తాయి. కానీ ఉత్సాహం లేకపోవడం, మనుషులంటే జంకు, "నా వల్ల కాదు" అనే నిరాశ చాలామందిలో మిగిలిపోతాయి. మందుల వల్ల మగతగా ఉంటే డాక్టరుగారికి చెప్పండి. మీ అంతట మీరు మందులు ఆపవద్దు. గదిలో గడిచేకొద్దీ తోటివారు ముందుకు వెళ్ళిపోతారు, తిరిగి అడుగు వేయడం మరింత కష్టమవుతుంది. అందుకే మొదటి కొన్ని సంవత్సరాలు ఎంతో విలువైనవి.

దీనికి చికిత్స ఉందా?

ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటే ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడానికి తోడ్పడే మాటల చికిత్స. నలుగురిలోకి తిరిగి రావడం కోసం ఇందులోనే ఒక పద్ధతిని ఇంగ్లండులో డేవిడ్ ఫౌలర్ బృందం రూపొందించింది. 155 మందితో జరిగిన వారి అధ్యయనం 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. తొలిదశ వైద్యంతోపాటు 9 నెలలు ఈ చికిత్స పొందినవారు, అది పొందనివారికంటే వారానికి సుమారు 8 గంటలు ఎక్కువగా చదువు, పని, ఆటల వంటి వాటిలో గడపగలిగారు.

ఎలా చేస్తారు?

ముందు "నీకు ఏమి చేయాలని ఉంది?" అని అడుగుతారు. ఉదాహరణకు, గాజువాకలో ఒక యువకుడు మళ్ళీ డిప్లొమా చదవాలనుకుంటున్నాడు. కానీ బస్సు ఎక్కితే అందరూ తననే చూసి నవ్వుతారని భయం. "ఎవరూ నవ్వరులే" అంటే నమ్మడు. అందుకని ఒక చిన్న పరీక్ష. రద్దీ లేని వేళ అన్నయ్యతో రెండు స్టాపులు ప్రయాణం. ఎక్కేముందు "ఎంతమంది నవ్వుతారు?" అంటే "అందరూ" అంటాడు. దిగాక లెక్క చూస్తే, ఇద్దరు చూశారు, ఒకాయన చిల్లర అడిగాడు, ఎవరూ నవ్వలేదు. భయం ఒక్కరోజులో పోదు. మరుసటి వారం నాలుగు స్టాపులు. తరువాత పాత స్నేహితునితో ఆర్.కె. బీచ్. ఆ తరువాత కాలేజీ. మధ్యలో దిగిపోతే అది ఓటమి కాదు. అడుగు కాస్త చిన్నది చేయాలి, అంతే.

మీరు ఏమి చేయాలి?

1. తిట్టవద్దు. పక్కింటి పిల్లలతో పోల్చవద్దు.
2. అన్నీ మీరే చేసిపెట్టవద్దు. రైతుబజారుకు వెంట తీసుకువెళ్ళి, ఒక కూరగాయనైనా తననే ఏరనివ్వండి.
3. చేసిన చిన్న పనిని గుర్తించి మెచ్చుకోండి.
4. చుట్టాలు అడిగితే "చికిత్స తీసుకుంటున్నాడు, కోలుకుంటున్నాడు" అనండి చాలు. పరువు కోసం దాచిపెట్టవద్దు.
5. నిద్ర తగ్గినా, అనుమానాలు పెరిగినా, చనిపోతానని అన్నా వెంటనే డాక్టరుగారిని కలవండి.

ఈ చికిత్స గురించి మీ సైకియాట్రిస్టును, సైకాలజిస్టును అడగండి. విశాఖలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఈ సాయంత్రం "వీధి చివరిదాకా నడిచి, టీ తాగి వద్దామా?" అని అడిగి చూడండి. రానంటే కోపగించుకోకండి. రేపు మళ్ళీ అడగండి.