పెంపుడు ఆడ బెట్టా చేపలలో పొట్ట ఉబ్బు: గుర్తింపు, చికిత్స

థాయ్‌లాండ్ పరిసరాలలోని వరి పొలాలు, నిలువ నీటి మడుగులు బెట్టా చేపల స్వస్థలం. మన పట్టణాలలో ఇవి ‘ఫైటర్ చేపలు’గా విక్రయింపబడుతున్నాయి. ఆడ చేప పొట్ట ఉబ్బినప్పుడు పెంపకందారులు తరచుగా వెంటనే మందు వాడుతుంటారు. పైరు ఆకులు పసుపు రంగుకు మారినంత మాత్రాన నత్రజని లోపమని నిర్ధారించలేము. నీటి ముంపు వలన కూడ అదే లక్షణం కనిపిస్తుంది. అట్లే ఉబ్బు ఒక లక్షణమే గాని వ్యాధి కాదు. దాని ముఖ్య కారణాలు మూడు.

గుర్తింపు

1. గుడ్లు నిండుట: పొట్ట రెండు వైపులా సమానంగా గుండ్రబడుతుంది. లేత రంగు చేపలలో గుడ్లు పసుపు ఛాయగా కనిపిస్తాయి. పొట్ట అడుగున, ఉదర రెక్కల వెనుక తెల్లని చుక్క వంటి అండనాళిక ఉంటుంది. చేప చురుకుగా తిరుగుతూ మేత తింటుంది. ఇది రోగం కాదు. మగ చేప లేకున్నను గుడ్లు ఏర్పడతాయి. వాటిని చేప విడుచుటయో, శరీరంలోనే ఇముడ్చుకొనుటయో జరుగుతుంది.

2. మలబద్ధకం: మేత అధికమైనప్పుడు పొట్ట హఠాత్తుగా ఉబ్బుతుంది, విసర్జన ఆగిపోతుంది. పొలుసులు మాత్రం శరీరానికి అంటుకొనియే ఉంటాయి. కొన్ని చేపలు ఈదుటలో అదుపు కోల్పోతాయి.

3. జలోదరం: మంచినీటి చేప శరీరంలోనికి మొప్పల ద్వారా నీరు నిరంతరం ప్రవేశిస్తుంది. మూత్రపిండాలు దానిని బయటకు పంపుతాయి. ఏరోమోనాస్ వంటి బాక్టీరియా వలన గాని, చెడిన నీటి వలన గాని మూత్రపిండాలు దెబ్బతినినచో నీరు లోపలే నిలుస్తుంది. పైనుండి చూచినప్పుడు పొలుసులు లేచి నిలబడి కనిపించుట దీని ప్రధాన చిహ్నం. మేత మానుట, కళ్ళు ఉబ్బుట, రంగు వెలియుట తోడవుతాయి.

ఒకే పక్క నెమ్మదిగా పెరిగే ఉబ్బు కణితి కావచ్చును.

చికిత్స

గుడ్లు నిండిన చేపకు మందు అనవసరం. పొట్టను నొక్కి గుడ్లు తీయుటకు ప్రయత్నించరాదు. లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

మలబద్ధకంలో రెండు, మూడు రోజులు మేత ఆపి, పిమ్మట కొద్దిగా డాఫ్నియా ఇవ్వాలి. నీటి ఉష్ణోగ్రత 26–28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి.

జలోదర లక్షణాలున్న చేపను వేరొక తొట్టిలోనికి మార్చి, 20 లీటర్ల నీటికి ఒక టీస్పూను శుద్ధమైన ఎప్సం ఉప్పు (మెగ్నీషియం సల్ఫేట్) కరిగించి కలపాలి. పత్తిలో మెగ్నీషియం లోప సవరణకు పిచికారీ చేసే లవణమే ఇది. అయితే ఎరువుగా అమ్మే రకాన్ని తొట్టిలో వాడరాదు. వంట ఉప్పు దీనికి ప్రత్యామ్నాయం కాదు. యాంటీబయాటిక్‌ను పశువైద్యుని సలహాపైననే వాడాలి. పొలుసులు లేచిన తరువాత కోలుకొనుట అరుదు అన్న సంగతిని పెంపకందారునికి ముందుగానే చెప్పుట ఉచితం.

నివారణ

బెట్టా ప్రధానంగా కీటకాహారి. దాని జీర్ణాశయం సుమారుగా కంటి పరిమాణంలో ఉంటుందని భావించి మేత కొలవాలి. చిన్న గాజు గిన్నెలో అమ్మోనియా త్వరగా పేరుకొంటుంది గనుక సుమారు 20 లీటర్ల తొట్టి, ఫిల్టరు అవసరం. వారానికొకసారి నాలుగవ వంతు నీటిని, క్లోరిన్ తొలగించిన నీటితో మార్చాలి.

విస్తరణ సిబ్బంది మందు పేరు చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు అడగాలి: చేప తింటున్నదా? విసర్జన ఉన్నదా? పైనుండి చూచినప్పుడు పొలుసులు లేచి ఉన్నవా? ఈ మూడింటి సమాధానాలే చికిత్సకు దారి చూపుతాయి. ఆరోగ్యవంతమైన చేపకు అనవసరపు మందు తప్పుతుంది.